గుమ్మం మీది కాగితం

యోస్ట్ నెదర్లాండ్స్ వదిలి ప్లొవ్‌దివ్‌లో ఉద్యోగానికొచ్చి నాలుగేళ్ళయింది. శనివారమొస్తే చాలు, పాత బజారు మెట్లూ నది ఒడ్డూ తీరిగ్గా చుట్టబెడతాడు. ఆ వేళ రొట్టె పొట్లంతో తిరిగొస్తుంటే, తనుండే భవనం తలుపు మీద నల్ల అంచు కాగితం కనబడింది. పోయినవాళ్ళ ఫొటోని ఈ ఊళ్ళో అలా గుమ్మానికి అంటిస్తారు. ఫొటోలో ఉన్నది పై అంతస్తు రాంగెల్. “శనివారం ఓసారి రావయ్యా, మా ద్రాక్ష సారా రుచి చూద్దువుగాని” అని మెట్ల మీద ఎదురైనప్పుడల్లా పిలిచే పెద్దమనిషి.

యోస్ట్ తెల్ల పువ్వులు కొనుక్కుని ఒక్క పరుగున పైకి వెళ్ళాడు. రాంగెల్ భార్య స్తోయ్‌నా తలుపు తీసింది.

“అమ్మా, ఇప్పుడే చూశాను. ఎప్పుడు పోయారు?”

“ఇప్పుడా అడగడం! ఆయన పోయి ఏడాదైంది నాయనా. అది ఏడాది కాగితం. నలభయ్యో రోజుదీ, ఆర్నెల్లదీ కూడా అక్కడే అంటించాను. రోజూ ఆ తలుపే తోసుకుంటూ పోతావు, కళ్ళెక్కడ పెట్టుకున్నావు?”

యోస్ట్ తలొంచుకుని పువ్వులు ముందుకు చాపాడు. అవి అందుకుంటూ ఆవిడ అంది, “బతికున్నన్నాళ్ళూ శనివారం శనివారం నీకని రెండో గ్లాసు పెట్టుకుని కూర్చునేవాడు, పిచ్చి మనిషి.”

ఆ శనివారాలన్నీ యోస్ట్ ఊరంతా తిరిగింది, పలకరించే మనిషొక్కడైనా దొరక్కపోతాడా అనే.