వెళ్ళే చోటు

1984 మార్చి 18, ఆదివారం, సాయంత్రం నాలుగున్నరకు ఉక్కు ఫ్యాక్టరీ రెండో గేటు దగ్గర విదేశీ నిపుణుల వ్యానును కాపలావాళ్ళు ఆపారు. వ్యానులో నలుగురు రష్యావాళ్ళున్నారు. వ్యానుకు ముందు అసిరమ్మ నడుస్తోంది. ఆమె నెత్తి మీద మూరెడు రాయి ఉంది.

ఆ రాయి మరిడమ్మ. కొయ్యమెట్ట ఊరి అమ్మవారు. మూడేళ్ళ కిందటి వరకు కొయ్యమెట్ట ఆ గేటుకు లోపల మైలున్నర దూరంలో ఉండేది.

మర్నాడు పొద్దున ఆరింటికి ఆ చోట మట్టి బండ్లు దిగాలి. రైలు పట్టాల కోసం ఎనిమిది అడుగుల ఎత్తు మట్టి పోస్తారు. ఆ సాయంత్రం గేటు దాటకపోతే రాయి ఇక మట్టి కిందే.

ఫ్యాక్టరీ కోసం ఊరు ఖాళీ చేసిన రోజు కొయ్యమెట్టవాళ్ళు దేన్నీ వదల్లేదు. తలుపులు, దూలాలు, పెంకులు, రోళ్ళు బళ్ళకెత్తారు. అమ్మవారిని మాత్రం కదపలేదు. ఆమెను కదపాలంటే అసిరమ్మ ఇంటి ఆడమనిషే కదపాలి. నెత్తిన పెట్టుకుని, నడిచి, పదిమందీ చూస్తుండగా తీసుకెళ్ళాలి. అది ఊరి కట్టుబాటు. ఏటా ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్యకు మొదటి ముర్రాట, అంటే వేపమండలు వేసిన పసుపునీళ్ళ కుండ, తెచ్చి పోసేదీ ఆ ఇంటివాళ్ళే.

ఆ రోజు బళ్ళు కట్టాక ఊరంతా అసిరమ్మ వైపు చూసింది.

"గోడ కడితే కట్టనీండి. గోడకి గుమ్మమెట్టరేటి? ఏడాదికో పాలి మనవే వొచ్చి ముర్రాట పోసీసి ఎల్దుం" అంది అసిరమ్మ.

అందరూ ఆ మాట నమ్మారు. గోడకు గుమ్మాలు పెట్టారు. మొత్తం ఐదు. పాసు లేకుండా ఒక్కదాంట్లోంచీ పోనివ్వలేదు.

నిర్వాసితుల కాలనీలో అమ్మవారికని వదిలిన చోట మూడేళ్ళుగా గడ్డి మొలుస్తోంది. మూడు కొత్త అమావాస్యలు పండగ లేకుండా పోయాయి. కుళాయి దగ్గర బిందె పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు అనేవారు, "గుమ్మమెడతారని సెప్పింది నువ్వే కాదేటప్పా?" అని. అసిరమ్మ బిందె నిండేదాకా నిలబడి, ఎత్తుకుని వచ్చేసేది.

ఆమె విదేశీ నిపుణుల హాస్టల్లో గదులు తుడిచే పనిలో ఉంది. హాస్టలు నడిపేదీ, వ్యాన్లు తిప్పేదీ ఒకే కాంట్రాక్టరు. రైసా 1983 ఆగస్టులో ఆ హాస్టలుకు వచ్చింది. ఆమె దుబాసీ. ఫ్యాక్టరీ డ్రాయింగుల మీద రాతలు రష్యన్లోకి, రష్యన్లోంచి మార్చడం ఆమె పని. యూనివర్సిటీలో చదివింది పుస్తకాల తెలుగు. మాట్లాడింది మాత్రం అసిరమ్మ తెలుగు, ఎందుకంటే ఏడు నెలలు రోజూ ఆమెతో మాట్లాడిన మనిషి అసిరమ్మ ఒక్కతే.

మొదటి నెల రైసా అన్నం తినలేకపోయింది. రెండో నెల అసిరమ్మ కాగితంలో చుట్టి ఎండు నెత్తళ్ళ చేపలు తెచ్చి ఇచ్చింది. రైసా వాటిని వేయించకుండానే, కిటికీ దగ్గర కూర్చుని, ఒక్కొక్కటే తల తుంచి తినేసింది. 'ఇది మన మనిషే' అనుకుంది అసిరమ్మ. అప్పట్నుంచీ హాస్టలంతా ఆమెను రైసమ్మ అనే పిలిచింది.

ఆదివారాలు నిపుణులు ఊళ్ళు చూడ్డానికి వెళ్ళేవారు. దానికో చీటీ రాయాలి. కనీసం నలుగురి పేర్లు, వ్యాను నంబరు, వెళ్ళే చోటు, తిరిగొచ్చే వేళ. కాంట్రాక్టరు గుమస్తా శ్రీరామ్మూర్తి సంతకం పెట్టాలి. భోజనం క్యారేజీలు మోయడానికి హాస్టలు మనిషి ఒకరు వెంట వెళ్ళొచ్చు. అలా అసిరమ్మ రైసాతో సింహాచలం రెండుసార్లు వెళ్ళింది. భీమిలి వెళ్ళింది. తగరపువలస సంతలో రైసా రెండు చేటలు కొని, ఒకటి గోడకు తగిలించింది.

ఫిబ్రవరిలో అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు వెళ్ళారు. ఫ్యాక్టరీ గోడ వెంట పోతుండగా అసిరమ్మ అటు తిరిగి నుదుటికి చెయ్యి ఆనించుకుంది. తిరిగొచ్చేటప్పుడు కూడా.

"ఏటది?" అని అడిగింది రైసా.

"మా ఊరు."

"గోడే కదా?"

"గోడెనకాల."

రైసా వెనక్కి తిరిగి గోడను చూసింది. తర్వాత చెప్పింది. "మా నాయనమ్మ ఊరు నీళ్ళ కింద ఉన్నాది. డ్యామ్ కట్టినారు. నాను సిన్న గుంటగా ఉన్నప్పుడు. పడవ మీద ఎల్లి, ఇక్కడ మా పొయ్యి, అని నీళ్ళు సూపించింది."

"మీకైతే పడవైనా ఉన్నాది" అంది అసిరమ్మ.

మార్చి 16న, శుక్రవారం, వ్యాను డ్రైవరు అప్పలసూరి మట్టి బండ్ల సంగతి చెప్పాడు. అతనిదీ కొయ్యమెట్టే, అసిరమ్మకు మేనల్లుడు వరస. ఆమె చీపురు పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయింది. రైసా వచ్చి అడిగితే ఉన్నదంతా చెప్పింది. గుమ్మం మాటతో సహా.

"నాకు పాసు ఉన్నాది" అంది రైసా. "నువ్వు క్యారేజీ మొయ్యి."

శనివారం పదింటికి ఆమె చీటీ తీసుకుని ఆఫీసుకు వెళ్ళింది. అసిరమ్మ గుమ్మం బయట చీపురు తిప్పుతూ విన్నది. శ్రీరామ్మూర్తి పట్నంలో సీతమ్మధార నుంచి స్కూటరు మీద వచ్చే మనిషి, ఒక్క కొట్టివేత లేకుండా రాస్తాడని పేరు. చీటీ రెండుసార్లు చదివాడు.

"కొయ్యమెట్టా? అలాంటి ఊరు లేదు మేడం."

"ఉన్నాది. డ్రాయింగులో సూసినాను. ఆ రాతలు నానే మార్సినాను."

"అది పాత సర్వే. ఇప్పుడక్కడ ఏముందని చూస్తారు?"

"సూసొచ్చి సెప్తాను."

"సింహాచలం వెళ్ళండి. దర్శనానికి నేను చెప్పిస్తాను."

"రెండు పాల్లు ఎల్లినాను. నువ్వు సంతకం ఎట్టు."

అతను పెన్ను కింద పెట్టాడు. "మీకీ తెలుగు ఎవరు నేర్పారండీ?"

"అసిరమ్మ. బాగునేదేటి?"

గుమ్మం బయట చీపురు ఆగింది.

చీటీ వెనక నిబంధనలున్నాయి. నిపుణుల పాసు గోడ లోపల అంతటా చెల్లుతుంది. కాదనడానికి అతనికి నిబంధన దొరకలేదు. చీటీ కింద ఎర్ర సిరాతో, 'ఇట్టి ఊరు లేదు. ఖాళీ స్థలం' అని రాసి, దాని కింద సంతకం పెట్టాడు.

ఆదివారం పన్నెండింటికి లోపలికి వెళ్ళారు. నలుగురి పేర్లుండాలి కాబట్టి రైసా ముగ్గురు ఇంజనీర్లను వెంటబెట్టుకొచ్చింది. అప్పలసూరి వ్యాను ఆపిన చోట మోకాలెత్తు గడ్డి తప్ప ఏమీ లేదు. అసిరమ్మ దిగి, నూతి వరలు వెతికి పట్టుకుంది. అక్కణ్ణుంచి అడుగులు వేసింది.

"ఇది సూరన్న అరుగు. ఇది ఎల్లాజీ పశువుల సాల. ఇక్కడ మలుపు."

ఇళ్ళు లేకపోయినా సందుల్లోంచే నడిచింది. అడ్డంగా పోలేదు. రైసా కూడా ఆమె వెనకే మలుపులు తిరిగింది. నూట పది అడుగుల తర్వాత వేపమోడు కనిపించింది. మోడు మొదట్లో రాయి, సగం మట్టిలో. ఇంజనీర్లు వ్యానులోంచి గునపాలు తెచ్చారు.

"గునపం అట్టుకున్నోళ్ళని జోళ్ళిప్పమను" అంది అసిరమ్మ.

రైసా చెప్పింది. ముగ్గురు ఇంజనీర్లు బూట్లు విప్పి, కాలే నేల మీద ఒంటికాలు మార్చి ఒంటికాలు మీద నిలబడ్డారు. ఒకతను ఆకలికి క్యారేజీ పైగిన్నె తెరిచి వేలు పెట్టబోయాడు.

"ఓలమ్మ, ముట్టుకోవద్దను! పులుసు కాదది!"

అది పసుపునీళ్ళు. వేపమండలు కింద గిన్నెలో ఉన్నాయి. అసిరమ్మ రాయి చుట్టూ మట్టి తీయించి, ముర్రాట పోసింది. "తప్పు నాది. నోటితో ఒగ్గీసినాను. నెత్తితో మోస్తాను, రా" అంది. మిగతావాళ్ళకు వినిపించేలాగే అంది.

రాయి ఊడి వచ్చేసరికి మూడున్నర అయింది.

అప్పలసూరి దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "అత్తా, రైసమ్మ సంచీలో ఎట్టీ. ఆళ్ళ సంచీలు గేట్లో ముట్టుకోరు. ఐదు నిమషాల్లో బయట ఉంటాం."

"సంచీలోనా? అమ్మోరేటి, దొంగసారా బుడ్డీయేటి?"

"నా ఉజ్జోగం పోద్దే!"

"నాదీ పోద్ది. నువ్వు తోలు, నాను నడుత్తాను."

"ఏ గేటు కాడ నడుత్తావు? పాసేదని ఆపీయరా?"

"ఆపనీ. పదిమందీ సూడాలన్నారు. గేటు కాడే కదరా పదిమంది ఉంటారు."

ఆమె పైట చుట్టి చుట్టకుదురు చేసుకుంది. రైసా, ఒక ఇంజనీరు రాయి ఎత్తి పెట్టారు. మైలున్నర. వ్యాను ఆమె వెనక మొదటి గేరులో వచ్చింది.

గేటు దగ్గర కాపలామనిషి సత్యం కర్ర అడ్డం పెట్టాడు. భీమిలి పక్క మనిషి.

"నెత్తి మీద ఏటది?"

"అమ్మోరు."

"గోడ లోపల రాయీ రప్పా అంతా ఫ్యాక్టరీదే. బయటికి పోవాలంటే సామాను పాసుండాల. దించు."

"దించను."

"దించమంటే దించాల!"

"దించీమంటావా?" అసిరమ్మ గేటు మధ్యకు వచ్చి నిలబడింది. "దించీత్తాను. అమ్మోరు ఒక్కపాలి కింద కూకుంటే అదే సోటు. మరి కదల్దు. పద్నాలుగు రోజుల్లో కొత్తమాస. ఊరు ఊరంతా ముర్రాటలు అట్టుకుని ఈ గేట్లోకే వొస్తాది. డప్పులూ ఇక్కడే, కోళ్ళూ ఇక్కడే. పూజారివి నువ్వే. సెప్పు, ఎక్కడ దించమంటావు?"

సత్యం కర్ర తీయలేదు. కాని రెండడుగులు వెనక్కి వేశాడు. షిఫ్టు దిగే కూలీలు అప్పటికే గేటు బయట గుమిగూడారు.

"దించీ అప్పా, దించీ! రోజూ దణ్ణం ఎట్టుకుని పన్లోకి ఎల్తాం!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు.

సత్యం గదిలోకి పోయి, చీటీ మీద సంతకం పెట్టిన శ్రీరామ్మూర్తి ఇంటికి ఫోను చేశాడు. అతను ఫోనులో అరవడం బయటికి వినిపించింది. రైసా లోపలికి వెళ్ళి ఫోను అందుకుంది. చీటీ బల్ల మీద పరిచింది.

"నువ్వు ఎర్ర సిరాతో రాసినావు. ఇట్టి ఊరు లేదు, ఖాళీ స్థలం అని... అవును, నీ సంతకమే. ఖాళీ స్థలంలో రాయి ఎక్కడిది? ... ఫ్యాక్టరీ సామాను లిస్టులో ఉన్నాదేటి? నేదా? మరి మీదెలాగ అయింది? ... ఊరు ఉన్నాదంటే రాయి ఊరిది. ఊరు నేదంటే రాయే నేదు. ఏది రాయమంటావో సత్తెంకి సెప్పు."

ఫోను సత్యానికి ఇచ్చింది. అతను చాలాసేపు "సరే సార్" అన్నాడు.

ఈలోగా నలభై నిమిషాలు గడిచాయి. అసిరమ్మ మెడ నరాలు లాగుతున్నాయి. చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకోడానికి చేతులు ఖాళీ లేవు. కూర్చోవాలనిపించింది. కూర్చుంటే రాయి దించాలి. కుళాయి గుర్తొచ్చింది. నిలబడింది. సత్యం గదిలోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆమె నోటికి అందించాడు.

"నాను నీళ్ళిచ్చినట్టు ఎవరికీ సెప్పకు" అన్నాడు.

"అమ్మోరు సూసింది" అంది అసిరమ్మ.

అతను బయటికి పోయే సామాన్ల రిజిస్టరు తెరిచాడు. 'వస్తువు' అన్న గడిలో 'రాయి' అని మొదలుపెట్టి, అసిరమ్మ మొహం చూసి, కొట్టేసి 'అమ్మవారు' అని రాశాడు. సంఖ్య, ఒకటి.

"ఎవరిదని రాయను?"

"కొయ్యమెట్టదని."

"ఆ ఊరు నేదంటన్నారు కదా గుమస్తాబాబు."

"నాను ఎవురి మనిషిని అనుకుంటన్నావు?"

సత్యం 'కొయ్యమెట్ట' అని రాశాడు. 'తిరిగి తెచ్చే తేదీ' అన్న గడిలో అడ్డగీత గీశాడు. వేళ ఐదుంపావు. కర్ర పక్కకు లాగాడు.

గేటు నుంచి కాలనీ నాలుగు కిలోమీటర్లు. అసిరమ్మ దించకుండా నడిచింది. కూలీల్లో కొయ్యమెట్టవాళ్ళు పదకొండుమంది వెంట వచ్చారు. కాలనీ కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు వదిలి లేచి నిలబడ్డారు. ఏడింటికి గడ్డి పీకిన చోట రాయి దించారు.

సోమవారం పొద్దున ఆరింటికి మట్టి బండ్లు దిగాయి. ఎనిమిదింటికి కాంట్రాక్టరు అసిరమ్మను పనిలోంచి తీసేశాడు. అప్పలసూరిని లారీ మీదకు మార్చాడు. రైసా ఆదివారం ప్రయాణాలు నెల రోజులు ఆపేశాడు. రైసా తన గదిలోకి మరో పనిమనిషిని రానివ్వలేదు. తనే తుడుచుకుంది.

ఏప్రిల్ 1, ఆదివారం, కొత్త అమావాస్య. నిర్వాసితుల కాలనీలో మొదటి ముర్రాట అసిరమ్మ పోసింది. పదింటికి సిటీ బస్సు దిగి రైసా వచ్చింది. చేతిలో తగరపువలస చేట ఉంది.

హాస్టలు ఫైలులో ఆ తేదీ చీటీ ఉంది. పేర్లు నలుగురివి కాదు, రైసా ఒక్కదానిదే. 'వెళ్ళే చోటు' అన్న గడిలో 'కొయ్యమెట్ట' అని ఉంది. కింద ఎర్ర సిరా లేదు. సంతకమూ లేదు.