కుదిరిన మడత

పంచాయతీ ఎన్నికల్లో ఓట్ల లెక్కింపు ఎందుకు ఆలస్యమవుతుందన్న దాని మీద స్నిగ్ధ హైదరాబాద్‌లో పరిశోధన చేస్తోంది. చాలా పల్లెలు తిరిగాక ఆమెకు తేలింది చిన్న విషయమే. బ్యాలెట్‌ను అడ్డదిడ్డంగా మడిస్తే తడి సిరా ఇంకో గుర్తుకూ అంటుకుంటుంది. ఆ ఓటు ఎవరిదో తేలేసరికి ఏజెంట్లు అరుచుకుంటారు. ఈ సంగతి చెప్పడానికి ఆమె జహీరాబాద్‌లో ఎన్నికల పని చూస్తున్న ఎంపీడీవో శ్యామల దగ్గరకు వచ్చింది.

"నువ్వు రాసింది మంచిగనే ఉంటది బిడ్డా. కానీ రేపు శిక్షణల అది చదివి వినిపిస్తే మా సిబ్బంది నిద్రపోతరు," అంది శ్యామల.

"చదవను మేడం. వాళ్లతోని ఓటేయిస్త."

మర్నాడు స్నిగ్ధ మామిడిపండు, జామపండు బొమ్మలున్న కాగితాలు పంచి, ముద్ర వేసి మడిచి డబ్బాలో వేయమంది. ఎన్నో ఎన్నికలు జరిపించిన హెడ్మాస్టరు సుదర్శన్ అందరికంటే ముందు వేశాడు. విప్పి చూస్తే రెండు పండ్ల మీదా సిరా ఉంది.

"ఎవరికేసిన్రు సార్?" అని అడిగింది స్నిగ్ధ.

"మామిడికే! జామ మీదికి ఎట్ల పోయిందిది?"

హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది సుదర్శనే.

"సరే, జనానికి ఎట్ల నేర్పుదాం?" అంది శ్యామల. స్నిగ్ధ తాను గీయించిన పోస్టర్ తీసింది. శ్యామల తల అడ్డంగా ఊపింది.

"లైన్ల నిలబడ్డోళ్లు గోడలు చూడరు. మనమే ముందుగాల మడిచి, విప్పి చేతికిద్దాం. ఆ గీత మీదనే మళ్ల మడుస్తరు."

స్నిగ్ధ కళ్లు మెరిశాయి. "అవును మేడం! పేర్లు ఒకదాని కింద ఒకటుంటయ్ గద, మొదలు నిలువుగ మడవాలె. అప్పుడు సిరా అంటినా అదే పేరు మీద అంటుతది, వేరేటోళ్ల మీదికి పోదు."

పోలింగ్ రోజు చిరాగ్‌పల్లి వైపు ఒక ఊళ్లో సుదర్శన్ బృందం అలాగే చేసింది. మధ్యాహ్నం లెక్కింపుకు స్నిగ్ధ అనుమతి తీసుకుని ఒక మూల నిలబడింది. కాసేపటికి మాణిక్ అనే ఏజెంటు లేచాడు.

"రెండు ముద్రలున్నయ్! ఇది చెల్లదు!"

సుదర్శన్ కాగితాన్ని గీత వెంట మడిచి చూపించాడు. "చూడు తమ్మీ, రెండోది అంటుకున్న మరక. రెండూ ఒక్క పేరు వరుసలనే ఉన్నయ్."

మాణిక్ వంగి చూసి కూర్చున్నాడు. ఆ తర్వాత నిజంగానే ఇద్దరికీ ముద్ర కొట్టిన ఓటు ఒకటి వచ్చింది.

"ఇద్దరినీ నారాజ్ చెయ్యొద్దనుకున్నరేమో!" అన్నాడు అవతలి ఏజెంటు చెన్నబసప్ప. మాణిక్ కూడా నవ్వేశాడు. ఎండ ఉండగానే ఫలితం వచ్చింది. గెలిచినవాళ్లు డప్పులు మొదలుపెట్టారు.

అప్పుడే జీపు దిగిన శ్యామల డప్పుల చప్పుడు విని ఆశ్చర్యపోయింది. "అప్పుడే అయిపోయిందా?" అంటూనే పక్క మండలం న్యాల్‌కల్‌లోని అధికారికి ఫోన్ చేసింది. "మీ దగ్గర పోలింగ్ వచ్చే విడతల గదా? మా స్నిగ్ధను తోల్కొస్త. మీ సిబ్బందిని జమ చెయ్యున్రి."

'మా స్నిగ్ధ' అన్న మాటకు పొంగిపోతూ, స్నిగ్ధ అప్పటికే జీపెక్కి కూర్చుంది.