అడగని మేడం

చరిత్ర విభాగం ఉన్న భవనానికి మూడు అంతస్తులున్నాయి గానీ, ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. పెద్ద మేడం ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అవసరమైనప్పుడల్లా గొడుగు వేసుకుని, మైదానం దాటి లైబ్రరీకి నడిచేది. కడుపుతో ఉన్నప్పుడూ అలాగే నడిచింది. విభాగంలో ఆవిడొక్కతే ఆడమనిషి. ఒక్కనాడూ నోరు తెరిచి అడగలేదు. "మా మేడం మగవాళ్లతో సమానం" అని తోటివాళ్లంటే పొంగిపోయేది.

తర్వాత చిన్న మేడం వచ్చింది. చేరిన కొత్తలోనే ఆఫీసుకెళ్లి, "ఇదేం భవనమండీ, మేం ఎక్కడికి పోవాలి?" అని నవ్వుతూనే నిలదీసింది. సెలవులు ముగిసేసరికి కింద పాత సామాన్ల గది ఖాళీ చేయించి, నీళ్లు పెట్టించి, తలుపుకు గడియ బిగించి ఇచ్చారు.

ఆ తలుపు చూస్తే పెద్ద మేడంకు కడుపు రగిలిపోయేది. ఇంత సులువా? అడిగితే ఇచ్చేదానికి తనెందుకు కాళ్లరిగేలా తిరిగినట్టు? పంతం కొద్దీ ఆవిడ ఇప్పటికీ లైబ్రరీకే నడుస్తోంది.

పాఠకులు ఆవిడను తొందరపడి తిట్టుకోవద్దు. తాము పడ్డ అవస్థ వెనక వచ్చినవాళ్లు పడకపోతే ఒళ్లు మండటం మన ఇళ్లలో కొత్తేమీ కాదు.

ఇంతలో చిన్న మేడం, మహిళా అధ్యయనం అనే కొత్త కోర్సు పెడదామని ప్రతిపాదించింది. ఆడవాళ్లు చేసిన పని, వాళ్లకు దక్కని కూలి, చదువు, ఆస్తి, వీటన్నిటినీ చరిత్రలో భాగంగా చెప్పే కోర్సు అది. విభాగాధిపతి పెద్ద మేడమే. ఆవిడ అవునంటే కోర్సు వస్తుంది, కాదంటే అటకెక్కుతుంది.

"ఆ పిల్లంటే నీకెందుకే అంత కుళ్లు?" అన్నాడు భర్త, ఆరిన బట్టలు మడతపెడుతూ.

"కుళ్లా? నాకా? నిన్నగాక మొన్నొచ్చి నెత్తికెక్కితే చప్పట్లు కొట్టాలా? చంటాణ్ణి ఒళ్లో వేసుకుని పరిశోధన రాశాను నేను. ఆడవాళ్ల చరిత్ర చెప్పాలని నాకూ ఉండేది. నవ్వుతారని నోరు మూసుకున్నా. ఆవిడగారు దర్జాగా కోర్సే పెట్టేస్తుందట!"

"అయితే నీ కోపం కోర్సు మీద కాదన్నమాట."

ఆవిడ అతని చేతిలోని చీర లాక్కుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు సమావేశంలో డీన్ గారు గొంతు సవరించుకున్నారు. "ఈ కోర్సులెందుకండీ? మన పెద్ద మేడంనే చూడండి. గది కావాలన్నారా? సౌకర్యాలు కావాలన్నారా? ప్రమోషన్ తప్పిపోయినప్పుడు కూడా పల్లెత్తు మాటనలేదు. ఆడవాళ్లంటే అలా ఉండాలి. ఏమంటారు మేడం?"

అవసరం లేదన్న మాట పెద్ద మేడం నాలుక చివర సిద్ధంగా ఉంది. కానీ ప్రమోషన్ అనగానే అది అక్కడే ఆగిపోయింది. ఆనాడు తనకు రావలసిన ప్రమోషన్ పొందింది తనకంటే వెనక చేరిన ఈ పెద్దమనిషే. అప్పుడు తను మిఠాయి తిని, అభినందనలు చెప్పి, ఇంటికెళ్లి నిద్రపోయింది. ఆయన మీద రవ్వంత అసూయ కూడా కలగలేదు. ఈ పిల్ల ఒక గది అడిగి సాధించుకుంటే మాత్రం ఇన్నాళ్లుగా కుమిలిపోతోంది. ఆవిడకు తన మీద తనకే సిగ్గేసింది.

"కోర్సు పెట్టాల్సిందే" అంది. "నేను అడగనిది అవసరం లేక కాదండీ, భయపడి. ఆ భయాన్ని మీరు మంచితనం కింద జమకట్టేశారు. ఇకమీదట నన్ను చూపించి ఎవరి నోరూ మూయించకండి."

డీన్ గారు కళ్లజోడు తుడుచుకోవడంలో పడ్డారు. విభాగాధిపతి మాట కాదనే వీలు లేక కోర్సుకు ఒప్పుకున్నారు.

వరండాలో చిన్న మేడం పరుగున వచ్చి ఆవిడ చేతులు పట్టుకుంది. "మీరు కాదంటారనే అనుకున్నాను మేడం!"

"కాదందామనే వచ్చానమ్మా. నిన్ను చూస్తే నాకు ఇప్పటికీ అసూయగానే ఉంది, దాచడమెందుకు? అదేం ఒక్కపూటలో పోదు. కానీ మొదటి పాఠంలో పిల్లలకు ఈ మాట చెప్పు. మనల్ని వెనక్కి నెట్టి ముందుకెళ్లినవాళ్లను చూసి రాని అసూయ, మన పక్కన లేచి నిలబడ్డ ఆడదాన్ని చూసి వస్తోందంటే, మనకు చిన్నప్పటి నుంచీ నేర్పిన దాంట్లోనే తప్పుంది. ఆ తప్పు దిద్దుకోవడానికే ఈ చదువు."