రెండు వేళ్ల కన్ను

"మీదే ఊరమ్మా?" అని మొగుడు కొండలు పొద్దున్నే అడిగేసరికి జగ్గమ్మకు ఒళ్లు మండిపోయింది. ముప్పై రెండేళ్లు కాపురం చేసిన మనిషి! తలలో నరం చిట్లి, బరంపురం ఆసుపత్రిలో నెలరోజులు పడుకుని ఆర్యపల్లి తిరిగొచ్చాక రోజూ ఇదే వరస. కుడిచెయ్యి సరిగా లేవదు. పడవ గుర్తుంది, సముద్రం గుర్తుంది, పెళ్లాం మాత్రం గుర్తులేదు. పైగా ఆ మర్యాదొకటి! ఓసే, ఏమే తప్ప ఎరగని నోరు ఇప్పుడు మీరు, తమరు అంటుంటే ఆమె గుండె తరుక్కుపోయేది.

కసరత్తు చేయించడానికొచ్చే గౌరి రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటే కొండలు విసిరికొట్టాడు. అతనికి అలవాటైన పనేదైనా ముందు పెట్టమని ఆ పిల్ల చెప్పింది. దాంతోపాటు మనుషులూ గుర్తు రావచ్చంది, రాకపోనూవచ్చంది.

ఆ మధ్యాహ్నం జగ్గమ్మ అటక మీంచి చిరిగిన వల దించింది. ఆ వాసనకే కొత్తకోడలి రోజులు కళ్లముందు నిలిచాయి. వల కన్ను రెండు వేళ్లు పట్టేంత ఉండాలని అత్త చెప్పింది, ఎవరి వేళ్లో చెప్పలేదు. ఈమె తన సన్నటి వేళ్లతో కొలుచుకుని మూరెడు వల అల్లేసింది. వాడంతా ఒకటే నవ్వు. కొండలు మాత్రం విసుక్కుంటూనే పక్కన చతికిలబడి, తన రెండు వేళ్లు చాపి, వాటి చుట్టూ కట్టమన్నాడు. చీకటి పడేదాకా ఆ వేళ్లు ఆమె దారంలోనే ఉన్నాయి. ఎంత బాగుండేవి ఆ రోజులు!

ఇప్పుడు వల మొగుడి ఒళ్లో పరిచి, కావాలనే తన వేళ్లతో కొలిచి ముడి వేసింది. ఒకటి, రెండు, మూడు. కొండలు సముద్రంవైపే చూస్తున్నాడు. పది కళ్లు అల్లేసరికి ఆమెకు ఆశ చచ్చిపోయింది. అయినా సూది ఆపలేదు.

కొండలు వంగి చూశాడు. మొహం చిట్లించి, ఎడంచేత్తో ఆ ముడి లాగేశాడు.

"ఏటే ఇది? నీ ఏలు సన్నమని ఎన్నిసార్లు సెప్పాలే?" అంటూ ఎడంచేతి వేళ్లు రెండూ చాపాడు. "కట్టు. సూత్తావేటి?"

జగ్గమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. "మాదే ఊరో సెప్పు ముందు," అంది.

"ఈడికొచ్చి ముప్పయ్యేళ్లయింది. ఇంకా ఏ ఊరేటే నీకు? కట్టు."

ఆమె ఆ వేళ్ల చుట్టూ దారం తిప్పింది. నీళ్లు నిండి కళ్లు కనబడక ముడి తప్పింది. కొండలు మళ్లీ తిట్టాడు.