గుట్ట మీది కుందేలు

ఊరి గుట్టకు ఏటా ఎండాకాలం నిప్పు పెడతారు. ఎండుగడ్డి కాలిపోతే తొలి వానకు మేకలకు లేతగడ్డి వస్తుంది. గడ్డితో పాటు సీతాఫలం మొలకలు, తునికి మొలకలు కూడా పోతాయి. ఇప్పటికే గుట్ట సగం బోడి అయింది.

"పెద్దోళ్లకు చెప్పి చెప్పి నోరు నొస్తాంది. పోరగాండ్లకన్న చెప్త" అని ఊళ్లోని ముసలాయన గాలయ్య బడికి పోయాడు. టీచర్ మంజులత సరేనంది.

అడవిని కాపాడాలి అంటే పిల్లలు ఆవలించారు. అందుకని కుందేలు కథ ఎత్తుకున్నాడు. కుందేలు ఉతికిన ధోతి పొద మీద ఆరేసి పడుకుంది. అంతలో గుట్టకు మంట అంటుకుంది. ధోతి పారిపోతున్న ఏదుపంది ముళ్లకు చిక్కుకుపోయింది. కుందేలు లంగోటితోనే ఉరికింది. వెనక నుంచి నక్క అరిచింది: "ఓ మామా, ఇజ్జత్ పోతాంది, జర ఆగు!"

పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. రోజూ అదే కథ అడిగారు. గాలయ్యకు ఆశ పుట్టింది. ఈసారి వీళ్లే వాళ్ల నాయినలను ఆపుతారనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం గుట్ట మీద పొగ లేచింది. గాలయ్య వేపమండ విరుచుకుని ఉరికాడు. గుట్ట కింద పిల్లలు వరుసగా కూర్చుని ఉన్నారు. రెండో తరగతి మనస్విని చేతిలో అగ్గిపెట్టె ఉంది.

"ఎవలు పెట్టిండ్రే?"

"మేమే తాతా. కుందేలు ఉరుకుడు సూడనీకి."

గాలయ్య మంటను మండతో కొట్టాడు. గాలి పైకి వీస్తోంది, మంట అందలేదు. మేకల సైదులు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇడ్శిపెట్టు తాతా. మా పని పోరగాండ్లే చేసిండ్రు. మంచిగైంది."

పొద్దు వాలేసరికి గుట్ట నల్లబడింది. పిల్లలు ఇంకా లేవలేదు.

"ఒక్క కుందేలు గూడ రాలే. అన్నీ అబద్ధాలే చెప్పినవ్" అని మనస్విని మూతి ముడుచుకుంది. కాసేపటికి మళ్లీ అడిగింది. "అవుతల గుట్ట పెద్దది గదా. ఆడుంటయా తాతా?"

గాలయ్య అటు చూశాడు. ఆ గుట్ట మీద ఇంకా పచ్చదనం ఉంది.

"లేవు బిడ్డా. యాడ లేవు. గవి కథలల్లనే ఉంటయి."

"మరి గుట్టెందుకు?"

వెనక నుంచి సైదులే చెప్పాడు.

"మ్యాకలకు బిడ్డా."

పిల్లలందరూ తలలూపారు.