అంచు చూడని అద్దం

అద్దం పైనుంచి పడింది. కింద నేల తుడుస్తున్న, మేమంతా అక్కా అని పిలిచే పనామె చప్పుడుకి తలెత్తింది. పైకి చూడటం కూడా పాపమే అయింది. ముఖమంతా నెత్తురు. ఆసుపత్రి హాలు కప్పుకి మేం బిగిస్తున్న అద్దమే అది. మావాడి చేతిలోంచి జారిన స్పానరు తగిలి ముక్కలైంది.

"చేతులు సరిగ్గా ఏడిస్తే అద్దమెందుకు పగుల్తుందిరా?" అని కాంట్రాక్టరు మా మీదే విరుచుకుపడ్డాడు.

అందరం బాబాయి అని పిలిచే మా మేస్త్రి ఒక ముక్క తీసి అంచు చూశాడు. కప్పుకి వేయాల్సిన లామినేటెడ్ అద్దమైతే రెండు పలకల నడుమ ప్లాస్టిక్ పొర సన్నగీతలా కనబడుతుంది. పగిలినా పెంకులు ఆ పొరకే అంటుకుని ఉంటాయి. ఇందులో గీత లేదు.

"ఒంటి పలకరా ఇది! మన చేతుల్తోనే బిగించాం," అన్నాడు.

పలకలు అంచులకు టేపు చుట్టుకొచ్చాయి. మీ చేతులు తెగకుండా అన్నాడు కాంట్రాక్టరు. అబ్బో, ఎంత దయో అని మురిసిపోయాం. ఒక్కరం కూడా టేపు విప్పి చూడలేదు.

షెడ్డులో కూర్చున్నాం. "నోరెత్తితే రేపు పనుండదు. ఇంట్లో పొయ్యి వెలగొద్దా?" అన్నాడు వెల్డరు.

దెబ్బతిన్న అక్కకి చెల్లెలు మా దగ్గరే సిమెంటు కలుపుతుంది. "మీ పొయ్యి సరే. మా అక్క కన్ను సంగతేంటి? వచ్చేవారం ఆ కప్పు కింద పసిపిల్లల తల్లులు కూర్చుంటారన్నా!" అంది. సిగ్గుతో చచ్చిపోయాం.

చివరికి వెల్డరే లేచాడు. "పోతే అందరం పోదాం పదండి."

మర్నాడు తనిఖీ అధికారి వచ్చాడు. కాంట్రాక్టరు బల్లమీది నమూనా పలకని సుత్తితో కొట్టించాడు. సాలెగూడులా పగిలిందిగానీ పెంకు రాలలేదు. "చూశారా సార్! గాలివానకి ఊడదు, దొంగ దూరలేడు, రోడ్డు రొద తగ్గుతుంది."

"అన్నీ నిజాలే సార్, ఈ ఒక్క పలక విషయంలో," అన్నాడు బాబాయి. "కప్పుమీదివి కొట్టి చూడండి."

అయినా అధికారి సంతకానికి పెన్ను తీశాడు. బాబాయి ఆగలేదు. పొద్దున్నే మేం కప్పుమీంచి దింపి ఉంచిన పలకని సుత్తితో కొట్టాడు. పెంకులు అధికారి బూట్లదాకా చిమ్మాయి.

"ఆస్తి ధ్వంసం!" అని అరిచి కాంట్రాక్టరు పోలీసుల్ని పిలిపించాడు. వాళ్లు బాబాయిని రెక్కపట్టి జీపెక్కించారు.

అప్పటికే వెల్డరూ మావాళ్లూ ఇంకో పలక మోసుకొచ్చి జీపుకి అడ్డంగా పడుకోబెట్టారు. చెల్లెలు సుత్తి అందుకుంది.

"కప్పుమీద ఇంకా నూట నలభై ఉన్నాయి సార్," అంది పోలీసు ఇన్‌స్పెక్టరుతో. "ఒక్కో పలకకీ ఒక్కొక్కరం. జీపులో చోటుందా?"

సుత్తి దిగింది.