వంటింట్లో నలభై ఒకటి

భర్త చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుస్తుండగా ఆ మాట వచ్చి పడింది.

"ఆ అమ్మాయి బుర్రే బుర్ర! రెండేళ్ల లెక్కలు రెండు వారాల్లో తేల్చేసింది."

ఆ రెండేళ్లూ ఎండనపడి లెక్కలు తెచ్చిందెవరో ప్రొఫెసరైన ఆ భర్తగారికి గుర్తు రాలేదు. ఆమె గుర్తు చెయ్యలేదు. కాలరు నలగకుండా చూసుకుంది.

కాలనీలో ఇళ్లెందుకు ఉడికిపోతున్నాయో తేల్చడానికి యూనివర్సిటీ, ఆ ఇళ్లు కట్టిన కంపెనీ, కాలనీవాళ్లు కలిసి చేస్తున్న పరిశోధన అది. "ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, కాస్త సాయం చెయ్యి" అన్నాడాయన. జీతం లేదు. నలభై ఇళ్లు తిరిగి, అగ్గిపెట్టెంత వేడి మీటర్లు గోడలకు తగిలించి, వారం వారం లెక్క రాసుకొచ్చింది. కాలనీలో అందరికీ ఆమె సర్వే అక్క. రిపోర్టులో మాత్రం ఎవరూ కాదు.

లెక్కలు తేల్చడానికి ఆ ఇంజినీరమ్మాయి వచ్చిన దగ్గర్నుంచీ కారులో ముందు సీటు కూడా పోయింది. "నువ్వు వెనక్కి వెళ్లు, మేం ఫైలు చూసుకోవాలి." అత్తగారికి ఫోన్లో చెప్పుకుంటే, "మగాడన్నాక పదిమందితో పనుంటుందమ్మా. ప్రతిదానికీ మొహం మాడ్చుకుంటావేం?" అంది. కడుపు మంట చల్లారలేదు. అందుకే కిందటి వారం ఆ అమ్మాయి మూడుసార్లు ఫోన్ చేస్తే, మోగనీ అని దిండు కింద పెట్టేసింది.

ఆ సాయంత్రం కాలనీ హాల్లో మీటింగు. "సగటు వేడి ముప్పై ఒక్క డిగ్రీలు. డిజైన్‌కి వంక పెట్టడానికి లేదు" అన్నాడు ప్రొఫెసరు.

కంపెనీ మేనేజరు మొహం వెలిగిపోయింది. "అయితే ఇదే ప్లానుతో ఇంకో మూడు వందల ఇళ్లు మొదలెట్టేస్తాం."

వెనక నుంచి కాలనీ టైలరమ్మ లేచింది. "అదేంటండీ! మా వంటింట్లో మీటరు డబ్బా నలభై ఒకటి చూపిస్తోందే? కిటికీ లేక చస్తున్నాం!"

ఇంజినీరమ్మాయి తడబడింది. "ఒక్కో ఇంటికి రెండేసి లెక్కలున్నాయి. మీటరు ఇంటి ముందు గదిలోనే కదా పెడతాం... రెండోది పాడైన మీటరుదని సార్ లెక్కలోంచి తీసేయమన్నారు. కనుక్కుందామని మేడమ్‌కి ఫోన్ చేశాను."

రెండోది వంటింట్లో పెట్టింది ఆమే. ఎవరూ చెప్పలేదు, తనకే తోచింది. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు. రిపోర్టు తప్పని రేపు తేలుతుంది, పరువు ఆ పిల్లదే పోతుంది. ఆ తలపు ఎంత తియ్యగా ఉందో! కానీ ఈలోగా మూడు వందల వంటిళ్లు గోడలు లేపుకుంటాయి.

లేచి నిలబడింది. "మీటర్లు పాడవలేదు. తగిలించింది నేనే."

"ఇప్పుడెందుకు? ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం" అన్నాడు భర్త పళ్లు బిగించి.

"ఇక్కడే మాట్లాడదామండీ."

"మరి ఫోనెందుకు ఎత్తలేదు మేడమ్?" ఆ అమ్మాయి గొంతులో ఏడుపుంది.

"కుళ్లు తల్లీ. నిన్ను చూస్తే కుళ్లు." హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె ఆగలేదు. "మా ఆయన్ని ఎగరేసుకుపోతావని అనుకున్నాను. నా కుళ్లు అందుక్కాదని ఇప్పుడే తెలిసింది. నీ పని నాకు కావాలి. రిపోర్టులో నా పేరు కావాలి."

ఆ అమ్మాయి ప్రొఫెసరు వైపు తిరక్కుండానే కంప్యూటర్లో కొత్త పేజీ తెరిచింది. "వంటింటి లెక్కలు మొదటినుంచీ చెప్పండి మేడమ్."

ఆమె తన నోటుబుక్కు తీసింది. "మొదటిది ఈ కాలనీది కాదు. పని చేస్తుందో లేదో చూద్దామని ముందు మా ఇంట్లో పెట్టాను. రాసుకో. ప్రొఫెసరుగారి వంటిల్లు, నలభై మూడు. రెండేళ్లుగా స్టవ్వు పక్కనే వేలాడుతోంది. ఆయన ఇంకా చూడలేదు."